‘నాట్ సీన్’ అని రాసే ముందు ఎంతసేపు చూశారు?

ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో రక్తం ఇవ్వమంటే చెయ్యి చాపేస్తారు. యూరిన్ పట్టి తెమ్మంటే మారుమాట లేకుండా డబ్బా తీసుకుంటారు. మోషన్ టెస్టు అనేసరికి మాత్రం మొహం పక్కకి తిప్పుకుంటారు. ఇది రోగుల సంగతే కాదు. రాసిన డాక్టరుగారికి ఆ రిపోర్టు మీద పెద్ద నమ్మకం ఉండదు, చూడాల్సిన టెక్నీషియన్‌కి ఓపిక ఉండదు. చాలా ల్యాబుల్లో ఆ పని కొత్తగా చేరిన కుర్రాడి మీదే పడుతుంది. నేర్పేవాళ్ళు కూడా ముక్కు మూసుకునే నేర్పుతారు. చివరికి చీటీ మీద "ఓవా: నాట్ సీన్. సిస్ట్: నాట్ సీన్" అని రెండు ముక్కలు వస్తాయి, అంటే పురుగుల గుడ్లు గానీ, అమీబా లాంటి సూక్ష్మజీవుల గుల్లకట్టిన రూపాలు (సిస్టులు) గానీ కనపడలేదని. ఇంటికెళ్ళి "కడుపులో ఏమీ లేదంట" అని చెప్పుకుంటారు.

ఆ రెండు ముక్కల మీదే నా బాధంతా. ఇప్పుడు ఈ ఊళ్ళో చిన్న ల్యాబు నడుపుతున్నాను. అంతకుముందు ఇటు ఒడిశాలోనూ, అటు శ్రీకాకుళం జిల్లాలోనూ వేరేవాళ్ళ దగ్గర పనిచేశాను. ఇన్నేళ్ళ పనిలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటే. మలం ఎన్ని గంటలకి పట్టారు, అది ఎన్నో నమూనా, ఏ పద్ధతిలో చూశారు అన్నవి రాయని మలపరీక్ష రిపోర్టుకి విలువ ఇవ్వకూడదు. డాక్టరూ ఇవ్వకూడదు, రోగీ ఇవ్వకూడదు.

ఇది అతి అనుకునేవాళ్ళకి అదే బల్ల మీద జరిగే వేరే పనులు చూపిస్తాను. మాది మలేరియా ఉన్న జిల్లా. గుమ్మా, నువాగడ, మోహనా బ్లాకుల కొండల నుంచి జ్వరంతో దిగివచ్చినవాళ్ళ రక్తం స్లైడు మీద చూసేటప్పుడు, వంద ఫీల్డులు (ఫీల్డు అంటే మైక్రోస్కోపులో ఒకసారికి కనపడే మేర) చూడకుండా మలేరియా లేదని రాయకూడదు. టీబీకి తెమడ చూసేటప్పుడూ అంతే, వంద ఫీల్డులు. అదీ రెండు నమూనాలు తీసుకోవాలి. క్రిములు కనపడితే ఊరికే ఉన్నాయని రాస్తే చాలదు, 1+, 2+, 3+ అని మోతాదు వెయ్యాలి. స్లైడులు దాచాలి, పైనుంచి వచ్చినవాళ్ళు వాటిలో కొన్నిటిని తీసి మళ్ళీ చూస్తారు. అదే మైక్రోస్కోపు, అదే కుర్చీ, అదే మనిషి. మలం స్లైడు దగ్గరకి వచ్చేసరికి ఎన్ని ఫీల్డులు చూశావని అడిగేవాళ్ళు లేరు, స్లైడు దాచడం లేదు, తిరిగి చూడటం లేదు. నేను పనిచేసిన ఒక ల్యాబులో రిపోర్టు ఫారంలోనే ‘నాట్ సీన్’ అని ముందుగా అచ్చు వేయించి పెట్టుకునేవాళ్ళు. ఏదైనా కనపడితే కొట్టేసి రాయాలన్నమాట. కొట్టివేతలున్న చీటీ ఇవ్వడం ఎవరికీ ఇష్టం ఉండదు. అలాంటి ఫారం పెట్టుకున్న చోట పురుగులు ఎప్పటికైనా దొరుకుతాయా?

సరిగ్గా చూడటమంటే ఏమిటో కొంచెం దగ్గరగా చెబుతాను. గాజు స్లైడు మీద ఒక చివర సెలైన్ చుక్క, రెండో చివర అయోడిన్ చుక్క వేస్తాం. పుల్లతో అగ్గిపుల్ల తలంత మలం తీసి రెండింటిలోనూ కలుపుతాం. నమూనాలో ఎక్కడైనా రక్తపు చార, జిగట ఉంటే అక్కడినుంచే తియ్యాలి. పైన కవర్‌స్లిప్ అనే పలచటి గాజు ముక్క వేశాక స్లైడు కింద న్యూస్‌పేపర్ పెడితే అక్షరాలు చదవగలిగేంత పలచగా ఉండాలి. తర్వాత మైక్రోస్కోపు కండెన్సర్ దించి వెలుతురు తగ్గించాలి. వెలుతురు ఎక్కువైతే పలచటి గోడలున్న గుడ్లు కంటికి ఆనవు. చాలామంది తప్పిపోయేది ఇక్కడే. ఇక టెన్ ఎక్స్ (పది రెట్ల) లెన్సు కింద కవర్‌స్లిప్ ఒక మూల నుంచి మొదలుపెట్టి, దుక్కి దున్నినట్టు, అంచుదాకా వెళ్ళి పక్క చాలులో వెనక్కి రావాలి. మధ్యలో నాలుగు చోట్ల చూసి వదిలేస్తే పొలం దున్నినట్టు కాదు. అనుమానం తగిలిన చోట ఫార్టీ ఎక్స్ పెట్టాలి. సెలైన్ వైపు ప్రాణమున్నవి కదులుతూ కనపడతాయి. అయోడిన్ వైపు అవి చచ్చిపోతాయి గానీ, సిస్టుల లోపలి కేంద్రకాలు లెక్కపెట్టుకోవడానికి వీలవుతుంది. రెండు వైపులా కలిపి పది నిమిషాలు పట్టే పని.

ఆ పది నిమిషాల్లో దొరికే వాటిలో ఏలికపాము (రౌండ్‌వార్మ్) గుడ్డు సులువు. గోధుమరంగులో, గరుకు అంచుతో ఎవరికైనా కనపడుతుంది. కొంకిపురుగు (హుక్‌వార్మ్) గుడ్డు అలా కాదు. సుమారు 60 మైక్రాన్ల పొడవు, 40 మైక్రాన్ల వెడల్పు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), రంగు లేదు. గోడ సన్నటి గీతలా ఉంటుంది. లోపల నాలుగో ఎనిమిదో కణాలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, వాటికీ గోడకీ మధ్య ఖాళీ ఉంటుంది. తొందరలో ఉన్నవాడు దాన్ని గాలిబుడగ అనుకుని దాటిపోతాడు.

దొరికే అవకాశం కూడా రెండింటికీ ఒకటి కాదు. ఆడ ఏలికపాము రోజుకి రెండు లక్షల దాకా గుడ్లు పెడుతుంది. మన ప్రాంతాల్లో ఉండే నెకేటర్ రకం కొంకిపురుగు పెట్టేది ఐదు నుంచి పది వేలు. మనిషి రోజుకి 200 గ్రాముల మలం విసర్జిస్తాడనుకుందాం. స్లైడు మీద ఒక చుక్కలో మనం పెట్టేది సుమారు 2 మిల్లీగ్రాములు. ఈ లెక్కన కడుపులో ఒక్క ఆడ ఏలికపాము ఉన్నా ఆ చుక్కలో రెండు గుడ్లు పడాలి. ఆడ కొంకిపురుగు ఒక్కటే ఉంటే పది నుంచి ఇరవై చుక్కలు వెతికితే గానీ ఒక గుడ్డు తగలదు. పది పురుగులున్న మనిషికి కూడా ఆ ఒక్క చుక్కలో ఏమీ కనపడకపోవచ్చు. అలాంటప్పుడు ఒక్క చుక్క, ఒక్క చూపు, ‘నాట్ సీన్’. ఏ లెక్కతో రాస్తున్నాం?

దీనికి ఉపాయం కొత్తగా కనిపెట్టక్కర్లేదు. ఫార్మలిన్, ఈథర్ కలిపి మలాన్ని తిప్పి అడుగున తేరిన మడ్డిని చూసే పద్ధతి 1948 నుంచి ఉంది. చుక్క బదులు వేరుసెనగ గింజంత మలం వడకట్టి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతాం. గుడ్లు, సిస్టులు అడుగున చేరతాయి. ఇప్పుడు ఈథర్ బదులు ఇథైల్ ఎసిటేట్ వాడుతున్నారు. సెంట్రిఫ్యూజ్ లేని ల్యాబు ఉండదు, రక్తం తిప్పడానికి రోజూ వాడేదే కదా. ఇంకొకటి కాటో కాట్జ్ పద్ధతి. జపాన్‌లో 1954లో పుట్టింది, బ్రెజిల్‌లో 1972లో మెరుగుపడింది. 41.7 మిల్లీగ్రాములు పట్టే చిల్లు ఉన్న అచ్చుతో కొలిచి పెట్టి, కనపడిన గుడ్లని 24తో హెచ్చవేస్తే గ్రాముకి ఎన్ని గుడ్లో తెలుస్తుంది. కొంకిపురుగుకైతే గ్రాముకి 2,000 లోపు తేలిక, 4,000 ఆ పైన తీవ్రం. ఒక జాగ్రత్త ఉంది. ఆ స్లైడు వేసిన అరగంట, గంట లోపు చూడకపోతే ఈ పద్ధతిలో వాడే గ్లిసరిన్‌కి కొంకిపురుగు గుడ్లు కరిగిపోయినట్టు మాయమవుతాయి. పొద్దున వేసి మధ్యాహ్నం భోజనం చేశాక చూస్తానంటే కుదరదు.

ఇంత పట్టుపట్టడం దేనికంటే, మా దగ్గరకి వచ్చే ఆడవాళ్ళ రక్తం చూసి. ఊడ్పుల్లో చెప్పుల్లేకుండా రోజంతా బురదలో నిలబడేవాళ్ళు, పోడు భూముల్లో తిరిగే సవర ఆడవాళ్ళు. హిమోగ్లోబిన్ 6, 7కి పడిపోయి ఉంటుంది. కొంకిపురుగు లార్వా (పిల్లపురుగు) అరికాలి చర్మం గుండా లోపలికి వెళ్తుందని పంతొమ్మిదో శతాబ్దం చివర్లోనే ఈజిప్టులో పనిచేసిన ఆర్థర్ లూస్ కనిపెట్టాడు. లార్వాలున్న నీళ్ళు చేతి మీద పడితే అక్కడ దురదపెట్టి, కొన్నాళ్ళకి ఆయన మలంలోనే గుడ్లు కనపడ్డాయి. ఆ పురుగు పేగు గోడ పట్టుకుని రక్తం తాగుతుంది. నెకేటర్ రకమైతే ఒక్కోటి రోజుకి సుమారు 0.03 మిల్లీలీటర్లు, ఆంకైలోస్టోమా రకమైతే 0.15 నుంచి 0.2 దాకా. రెండో రకం వంద ఉన్నాయనుకోండి, రోజుకి 15 మిల్లీలీటర్లు, నెలకి 450. బ్లడ్‌బ్యాంకులో ఒక మనిషి దగ్గర ఒక్కసారికి తీసే రక్తం 350 నుంచి 450. అంటే ఆ మనిషి నెలనెలా రక్తదానం చేస్తున్నట్టే, అదీ అన్నం సరిగ్గా లేని ఒంటితో.

కాశీనగర్ వైపు నుంచి ఒకామె కోడల్ని తీసుకొచ్చింది. చేతిలో ఐరన్ మాత్రల ఖాళీ అట్టలు ఒక కట్ట ఉన్నాయి. "మాత్రలు మానలేదు బాబూ, నేనే దగ్గరుండి మింగిస్తన్నాను. రక్తం మాత్రం పడటం లేదు" అంది. అమ్మాయి మోషన్ టెస్టు అంతకుముందు చేయించారా అని అడిగితే రిపోర్టు తీసి ఇచ్చింది. నాట్ సీన్. ఎప్పుడు పట్టారు, ఎలా చూశారు అన్నది ఎక్కడా లేదు. మళ్ళీ పట్టించి, తిప్పి మడ్డి చూస్తే మొదటి చాలులోనే కొంకిపురుగు గుడ్లు. ఐరన్ మాత్రలు వేస్తూ, పురుగుల్ని అలాగే వదిలేస్తే ఆ మాత్రలు ఎవరి కోసం వేసినట్టు? ఆ అత్తగారు చెయ్యాల్సింది అంతా చేసింది. లోటు ఆ చీటీది.

ఇక్కడ నాకు తరచు ఎదురయ్యే వాదన ఒకటుంది. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న అంగన్వాడీల్లో, బడుల్లో పిల్లలందరికీ పురుగుల మందు ఆల్బెండజోల్ ఇస్తున్నారు కదా, గర్భిణులకి కూడా మూడో నెల దాటాక ఇస్తున్నారు కదా, ఇంకా పరీక్షలెందుకు, అందరికీ ఒక మాత్ర వేసేస్తే పోలేదా అని. నులిపురుగుల దినం 2015లో మొదలైంది, నేను దాన్ని పూర్తిగా సమర్థిస్తాను. 1 నుంచి 19 ఏళ్ళ పిల్లలందరికీ పరీక్ష చేసి మందివ్వాలంటే అయ్యే పని కాదు. మందు చవక, ప్రమాదం తక్కువ. అది ఊరంతటికీ చేసే పని. జబ్బుతో నా ఎదురుగా కూర్చున్న మనిషి సంగతి వేరు. ఒక్క ఆల్బెండజోల్ మాత్రకి ఏలికపాములు బాగా లొంగుతాయి, కొంకిపురుగులు చాలావరకు లొంగుతాయి. కొరడాపురుగు (విప్‌వార్మ్) సరిగ్గా లొంగదు. విరేచనాలు తెచ్చే జియార్డియా అనే ఏకకణజీవి ఒక్క మాత్రకి లొంగదు. అమీబాకి అసలు అది మందే కాదు. స్ట్రాంజిలాయిడిస్ అనే పేగు పురుగుకి ఐవర్‌మెక్టిన్ అనే వేరే మందు కావాలి. ఏది ఉందో తెలియకుండా మాత్ర వేసి, తగ్గలేదని ఇంకో మాత్ర వేసి, ఆ తర్వాత గ్యాస్ ట్రబుల్ అని పేరు పెట్టి పంపించడం మా వైపు రోజూ జరిగేదే.

స్ట్రాంజిలాయిడిస్ గురించి రెండు మాటలు ఎక్కువ చెప్పాలి. ఇది మలంలో గుడ్డుగా కాదు, లార్వాగా కనపడుతుంది. అదీ రోజూ రాదు. మనిషి లోపలే మళ్ళీ మళ్ళీ అంటుకుంటూ ఏళ్ళ తరబడి ఉండిపోగలదు. మామూలు రోజుల్లో పెద్ద బాధ ఉండదు, అప్పుడప్పుడు దద్దుర్లు, కడుపునొప్పి అంతే. స్టెరాయిడ్ పడితే మాత్రం ఒళ్ళంతా పాకి ప్రాణం మీదకి తెస్తుంది. ఊళ్ళల్లో ఆర్‌ఎంపీలు కీళ్ళనొప్పులకీ, ఆయాసానికీ డెక్సా అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఎంత సులువుగా ఇచ్చేస్తారో తెలిసిన ఎవరికైనా ఇది వింటే టెన్షన్ పుట్టాలి.

మరి ఆ లార్వాని గుర్తుపట్టడంలో ఒక చిక్కుంది, దానికి మూలం టైమే. మే నెలలో సెరంగో పైనుంచి ఒక నమూనా వచ్చింది. స్లైడు పెట్టగానే లార్వాలు మెలికలు తిరుగుతూ కనపడ్డాయి. పక్కనున్న కుర్రాడు "సార్, స్ట్రాంజిలాయిడిస్" అన్నాడు. ఎప్పుడు పట్టారని తెచ్చినాయన్ని అడిగితే నిన్న పొద్దున్న అన్నాడు. వేడిలో ఒక రోజు పైన ఉంటే కొంకిపురుగు గుడ్లు డబ్బాలోనే పగిలి లార్వాలు బయటికి వస్తాయి. ఫార్టీ ఎక్స్‌లో తల వైపు చూడాలి. కొంకిపురుగు లార్వాకి నోటి గొట్టం పొడుగ్గా ఉంటుంది, స్ట్రాంజిలాయిడిస్‌కి పొట్టిగా ఉంటుంది. దాని మధ్య భాగంలో జననాంగపు మొలక కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ఆ రోజు చూసిన వాటికి గొట్టం పొడుగే, పక్కన పగలని గుడ్లు కూడా ఉన్నాయి. కొంకిపురుగు అని రాశాం. నిన్నటి మలం అని తెలియకపోతే ఆయనకి వేరే జబ్బు పేరు అంటగట్టేవాళ్ళం.

అదే టైము అమీబా దగ్గర తిరగబడుతుంది. నీళ్ళ విరేచనంలో కదిలే అమీబాని చూడాలంటే మలం బయటికొచ్చిన అరగంట లోపు స్లైడు మైక్రోస్కోపు కింద ఉండాలి. కొంచెం గట్టిపడ్డ మలమైతే గంట. ఐదింటికి పట్టి, బస్సెక్కి, డాక్టరుగారి వరస వచ్చేదాకా కూర్చుని, మధ్యాహ్నం మా దగ్గరకి చేరిన డబ్బాలో కదిలేది ఏదీ మిగలదు. గట్టి మలంలోని సిస్టులు, గుడ్లు ఒక రోజు ఆగుతాయి, చల్లగా ఉంచితే ఇంకా నయం. అందుకే బంక విరేచనాలు అవుతున్నవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, ల్యాబుకి వచ్చి ఇక్కడే పట్టండి. కొండ మీద నుంచి రాలేనివాళ్ళకి 10 శాతం ఫార్మలిన్ పోసిన డబ్బా ముందే ఇచ్చి పంపొచ్చు. గుడ్లు, సిస్టులు చెడకుండా ఉంటాయి. అది విషం గనక పిల్లలకి అందకుండా పెట్టమని రెండుసార్లు చెప్పి మరీ ఇవ్వాలి.

ఉన్నది లేదని రాయడమే కాదు, లేనిది ఉందని రాయడం కూడా ఈ పరీక్షని పాడుచేసింది. మా వైపు ‘అమీబా’ పేరుతో ఏళ్ళ తరబడి మెట్రోనిడజోల్ మింగుతున్నవాళ్ళు వీధికొకరున్నారు. నోరంతా చేదు, వాంతి వచ్చేట్టు ఉండటం, అయినా మింగుతారు. వాళ్ళ చీటీలన్నిటిలోనూ ‘ఇ.హెచ్. సిస్ట్ సీన్’ అనే ఉంటుంది, అంటే జబ్బు చేసే అమీబా ఎంటమీబా హిస్టోలిటికా సిస్టు కనపడిందని. చీముకణాల్ని అమీబా అనుకోవడం మామూలు. ఎనిమిది కేంద్రకాలుండే ఎంటమీబా కోలై సిస్టు ఏ హానీ చెయ్యదు, హాని చేసే హిస్టోలిటికా సిస్టుకి నాలుగుకి మించవు. అయోడిన్ వేసి లెక్కపెడితేగా తెలిసేది. పైగా హిస్టోలిటికా లాగే కనపడే ఎంటమీబా డిస్పార్ అనే సాధుజీవి ఒకటుంది. దాన్ని 1925లోనే ఎమిల్ బ్రంప్ట్ వేరే జీవి అన్నాడు, ఎవరూ పట్టించుకోలేదు. 1993లో గానీ రుజువై స్థిరపడలేదు. మైక్రోస్కోపులో సిస్టు చూసి ఈ రెండింటినీ విడదీయలేం. లోపల ఎర్రరక్తకణాల్ని మింగిన అమీబా కనపడితేనే హిస్టోలిటికా అని ధైర్యంగా అనగలం. మిగతాప్పుడు ‘హిస్టోలిటికా లేదా డిస్పార్’ అని రాయాలి. 1997లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది కూడా ఇదే. బాధ ఏదీ లేని మనిషికి ఆ చీటీ ఒక్కటే చూసి మందివ్వొద్దని కూడా చెప్పింది. ఆ మాట మా చీటీల్లోకి ఇంకా దిగలేదు.

విశాఖపట్నంలో జీవి ఆనవాళ్ళు పట్టే యాంటిజెన్ పరీక్షలున్నాయి, దాని జన్యుపదార్థం పట్టే పీసీఆర్ ఉంది కదా అంటారు. ఉన్నాయి, అమీబా రకం తేల్చడానికి అవే సరైనవి. డబ్బున్నవాళ్ళు వెళ్తారు. కూలికి పోయే మనిషికి ఒక రోజు పని పోతేనే కష్టం.

మూడు నమూనాలు అడిగేసరికి డబ్బు గుంజడానికి అనుకుంటారు. అందుకే నేను ముందే చెప్పేస్తాను. జియార్డియా లాంటివి రోజూ బయటికి రావు. ఒక్క నమూనాలో దొరికేది 50 నుంచి 70 శాతం మందిలోనే, రోజు మార్చి రోజు మూడు నమూనాలు పది రోజుల లోపు చూస్తే 90 శాతం దాకా దొరుకుతుంది. మొదటిదాంట్లోనే దొరికితే మిగతావి అక్కర్లేదు. మా దగ్గర మూడింటికీ కలిపి ఒకే రేటు పెట్టాను. ఒకేసారి పట్టి మూడు డబ్బాల్లో పంచి తెచ్చినవాళ్ళూ ఉన్నారు. తప్పు వాళ్ళది కాదు, ఎందుకో ఎవరూ చెప్పలేదు.

పట్టే విధానం కూడా ఎవరూ చెప్పరు. అగ్గిపెట్టెలో, ఆకులో తెస్తారు. అందులో తేమ ఇంకిపోతుంది, మట్టి కలుస్తుంది. వెడల్పు మూతి ఉన్న శుభ్రమైన డబ్బా కావాలి. యూరిన్ కలవకూడదు, కలిస్తే కదిలే జీవులు చచ్చిపోతాయి. బేసిన్ నీళ్ళలో పడింది తియ్యకూడదు. కింద ప్లాస్టిక్ కాగితం పరుచుకుని దాని మీద నుంచి తియ్యండి. యాంటీబయాటిక్ వాడుతుంటే, బేరియం ఎక్స్‌రే తీయించుకుని ఉంటే ముందే చెప్పండి, రెండు వారాలు ఆగమంటాం. పిల్లవాడు రాత్రిళ్ళు వెనక దురద అని ఏడుస్తుంటే మలపరీక్ష మీద ఆధారపడకండి. ఆ దురద తెచ్చే నులిపురుగు (పిన్‌వార్మ్) గుడ్లు మలంలో పెద్దగా రావు, మలద్వారం చుట్టూ చర్మం మీద పెడుతుంది. పొద్దున్నే దొడ్డికి వెళ్ళకముందు, కడగకముందు అక్కడ సెల్లోటేపు అంటించి తీసి, స్లైడుకి అతికించి తెస్తే క్షణంలో తేలిపోతుంది.

రిపోర్టు చేతికి వచ్చాక చూడాల్సినవి: నమూనా పట్టిన టైము, మేము చూసిన టైము, ఒకటోదా రెండోదా మూడోదా, నేరుగా చూశామా తిప్పి చూశామా. లేకపోతే కౌంటర్ దగ్గరే నిలబడి అడగండి, రాయమనండి. దాని ఖర్చు ఒక గీత సిరా. ప్రభుత్వాసుపత్రి ఫారంలో ఈ గళ్ళు లేకపోతే, టెక్నీషియన్ అన్నలూ అక్కలూ, ఖాళీ చోటులో రాయండి. మీ మీద ఎంత పని ఉందో నాకు తెలుసు. రోజుకి పది స్లైడులు హడావుడిగా చూసేకంటే, ఇవాళ చూడలేను రేపు పొద్దున్నే తాజాగా పట్టి తెమ్మని చెప్పడం రోగికి మేలు.

మందు వాడాక మళ్ళీ చేయించుకోవాలి. పురుగులకైతే రెండు మూడు వారాలు ఆగి, జియార్డియా, అమీబాలకైతే మూడు నాలుగు వారాలు ఆగి. వెంటనే చేయిస్తే చచ్చినవాటి గుడ్లు కూడా కనపడి మందు పనిచేయలేదని అనుకుంటారు. ఆ రెండో రిపోర్టు తెచ్చేటప్పుడు మొదటిది కూడా జత చేసి తీసుకురండి, రెండూ ఒకే పద్ధతిలో చూసినవైతేనే పోల్చగలం.